కఱ్ఱకు గురువు కావలెను

మహర్నవమినాడు మన దేశమున ఆయుధపూజ జరుగును. మఱునాడు విజయదశమి. ఆనాడు జనులు ఊరిబయటికి వెడలి జమ్మిచెట్టును పూజింతురు. పాండవులు అజ్ఞాతవాసమునకు పోవుచు తమ ఆయుధములను జమ్మిచెట్టుపై దాచిరనియు, గడువు తీఱిన పిదప వానిని మరల చేతబట్టిరనియు మీరు భారతకథలో చదివియున్నారు. అర్జునుడు ఒక యేడు గాండీవమును ముట్టలేదు. అయినను ఉత్తరగోగ్రహణమున అతని బాణము గుఱి తప్పలేదు. ఏల? అతడు చెట్టుపై దాచినది విల్లు మాత్రమే. విలువిద్య అతనియొద్దనే యుండెను. ఆయుధము ఒకటి, విద్య యొకటి. ఈ రెండింటి భేదమును తెలిసికొనుటకు కర్నూలు జిల్లా పడమటి భాగమున జరుగు ఒక ఉత్సవమును తలచుకొందము.

ఆదోనికి నైరుతి దిక్కున, ఆలూరు, హొళగుంద ప్రాంతమున దేవరగట్టు అను కొండ యున్నది. కొండపై మాళ మల్లేశ్వరస్వామి వెలసియున్నాడు. మణి, మల్లాసురుడు అను రాక్షసులను స్వామి సంహరించెనని అచ్చటివారి విశ్వాసము. ఆ విజయమునకు గుర్తుగా ప్రతి విజయదశమి రాత్రియు బన్ని ఉత్సవము జరుగును. బన్ని యనగా కన్నడమున జమ్మి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామములవారు ఉత్సవమూర్తులను కాచుకొని కదలుదురు. చుట్టుప్రక్కల ఊళ్లవారు ఆ మూర్తులను తమ వంకకు త్రిప్పుకొన చూతురు. కాగడాల వెలుగు, డప్పుల మ్రోత, వేలకొలది జనము. ఎవరిని చూచినను చేతిలో కఱ్ఱ. కొన్ని కఱ్ఱలకు ఇనుపకట్లు కూడ నుండును. తెల్లవాఱునప్పటికి పదులకొలది జనులకు తలలు పగులుచున్నవి. కొన్ని సంవత్సరములలో ప్రాణములును పోయినవి.

ఈ మాట విని ఆ గ్రామస్థులు క్రూరులని తలంపరాదు. ఉత్సవమునకు ముందు వారు పాలు ముట్టి బాస చేయుదురు. దీనినే పాలబాస యందురు. ఆ రాత్రి జరిగినదానిని పగగా పెట్టుకొనరాదని వారి నియమము. దెబ్బ తిన్నవాడు పసుపు అద్దుకొని మరల స్వామి వెంట నడచును. ఇది కొట్లాట కాదు, ఆచారమని వారు చెప్పుదురు. వారి భక్తిని మనము శంకింప బనిలేదు. ప్రభుత్వమును ఊరకుండలేదు. పోలీసులు ఊరూర తిరిగి బోధించుచున్నారు. మద్యమును కట్టడి చేయుచున్నారు. కఱ్ఱలను ముందుగా పట్టుకొనుచున్నారు. తాత్కాలిక వైద్యశాలలను నెలకొల్పుచున్నారు. అయినను గాయములు తప్పుట లేదు.

దీనినిగూర్చి రెండభిప్రాయములు తఱచుగా వినవచ్చును. ఉత్సవమును మాన్పవలెనని కొందఱందురు. తాతలనాటి ఆచారము జోలికి పోరాదని మఱికొందఱందురు. నా అభిప్రాయము ఈ రెండింటికిని భిన్నము. దేవరగట్టున కొఱవడినది భక్తి కాదు, ధైర్యము కాదు, విద్య. పాండవులు ఆయుధమును చెట్టెక్కించి విద్యను వెంట తీసికొనిపోయిరి. మనమో, కఱ్ఱను చేతబట్టి విద్యను చెట్టెక్కించితిమి. ఆ విద్య పేరు కఱ్ఱసాము. దానిని మరల దింపి బాలబాలికల చేతికిచ్చుట మన కర్తవ్యము.

కఱ్ఱసాము అనగా కఱ్ఱను ఇష్టము వచ్చినట్లు త్రిప్పుట కాదు. అందు మొదట నేర్చునది పాదముల నిలుకడ. ఎప్పుడు ముందునకు వేయవలెను, ఎప్పుడు వెనుకకు తీయవలెను, బరువు ఏ కాలిపై నుంచవలెను అనునది తెలియనిదే కఱ్ఱ చేతికి రాదు. పిమ్మట కఱ్ఱను ఒక చేత, రెండు చేతుల, దేహమునకు తగులకుండ త్రిప్పుట. ఆ తరువాత దెబ్బలు. తలకు, భుజమునకు, ప్రక్కకు, మోకాలికి ఏ దెబ్బ ఎట్లు వచ్చునో తెలిసికొని, ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క కాపు నేర్వవలెను. కొట్టుట ఎంతయో కాచుటయు అంతయే. జంటగా ఆడునపుడు ఎదుటివాని దేహమునకు జానెడు దూరమున కఱ్ఱను ఆపగలుగుట నేర్పరి లక్షణము. తగిలించుట అందఱికిని చేతనగును. వేగముగా వచ్చిన కఱ్ఱను తగులకుండ ఆపుట సాధకునకే చేతనగును. ఆట మొదలిడుటకు ముందు నేలకును, గురువునకును, ఎదుటివానికిని మ్రొక్కుట కలదు. ఈ మ్రొక్కే పాఠములలో మొదటి పాఠము.

ఈ విద్య నేర్పు చోటును మన పెద్దలు గరిడి యనిరి. రాయలసీమలో దానినే తాలింఖానా యనియు పిలుతురు. తాలీము అనగా విద్య గఱపుట; ఖానా అనగా ఇల్లు. తాలింఖానా యన్న మాటకు బడి యనియే అర్థమన్నమాట! అచ్చటి గురువును కొన్ని ఊళ్లలో ఉస్తాదు అందురు. దసరా ఊరేగింపులోను, పీర్ల పండుగలోను సాము చేయుట మన సీమలో వాడుక. ఒకే తాలింఖానాలో హిందువుల బిడ్డలును, ముస్లిముల బిడ్డలును ప్రక్క ప్రక్కన నిలిచి కఱ్ఱ త్రిప్పుట పెద్దలు ఎఱిగినదే. ఇట్టి స్నేహమును నేర్పు బడి మూతపడిన యెడల నష్టపోవునది ఒక ఆట మాత్రమే కాదు.

పండుగకును పోరునకును గల సంబంధము ఈ ప్రాంతమునకు క్రొత్తది కాదు. ఆదోనికి పడమట నున్న హంపి ఒకప్పుడు విజయనగర సామ్రాజ్యమునకు రాజధాని. ఆదోని దుర్గమును ఆ సామ్రాజ్యములోనిదే. 1520 ప్రాంతమున పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్ విజయనగరమును దర్శించి, తాను చూచిన దానిని వ్రాసియుంచెను. శ్రీకృష్ణదేవరాయలు ప్రతిదినమును తెల్లవాఱక ముందే లేచి నువ్వులనూనె త్రాగి, ఒడలెల్ల నూనె పట్టించుకొని, మట్టితో చేసిన బరువులను ఎత్తి, ఆ నూనె చెమటగా కాఱిపోవువఱకు కత్తిసాము చేసి, పిదప జెట్టితో కుస్తీ పట్టి, సూర్యోదయమువఱకు గుఱ్ఱపు స్వారి చేసెడివాడట. సామ్రాజ్యమునేలు ప్రభువునకు సేనలు లేకనా ఇంత శ్రమ? తన దేహమును తాను ఏలుకొనలేనివాడు దేశమును ఏలజాలడని ఆయన ఎఱుగును.

అదే గ్రంథమున మహర్నవమి ఉత్సవముల వర్ణన కలదు. రాజు ఎదుట మల్లులు పోరాడెడివారు. ఆ పోరు మెత్తనిది కాదు. పండ్లు రాలుటయు, కన్నులు పోవుటయు కలదని పేయిస్ వ్రాసెను. అయితే మఱియొక విషయమును కూడ అతడు గమనించెను. ఆ పోరునకు తీర్పరులుండిరి. ఇరువురిని సమానమైన స్థితిలో నిలుపుటయు, గెలిచినవానికి తగిన గౌరవము ఇప్పించుటయు వారి పని. అయిదువందల యేండ్లనాడే దసరా పోరునకు తీర్పరి అవసరమని మన ఏలికలు గుర్తించిరి. నేడు అదే దసరా రాత్రి, అదే సీమలో, చీకటిలో తీర్పరి లేక కఱ్ఱలాడుట ఆచారమునకు ముందడుగా, వెనుకడుగా? మీరే ఆలోచింపుడు.

ఈ విద్య ఏల సన్నగిల్లినది? 1800 సంవత్సరమున నిజాము ఈ సీమను ఆంగ్లేయుల కంపెనీకి వదలిపెట్టెను. 1800 నుండి 1807 వఱకు థామస్ మన్రో ఇచ్చట ప్రధాన కలెక్టరుగా నుండి పాళెగాండ్ర బలమును అణచెను. పాళెగాండ్రను ఆశ్రయించి సాము చేసి బ్రతికినవారికి అంతటితో జీవనాధారము పోయినది. కోయిలకుంట్ల ప్రాంతమున తిరుగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో ఉరితీసిరి. 1878లో వచ్చిన ఆయుధముల చట్టము ప్రకారము అనుమతి లేక ఆయుధము ధరించుట నేరమైనది. కత్తి పోయినది; బీదవాని చేతిలో కఱ్ఱ మిగిలినది. ఆ కఱ్ఱ వెనుకనున్న గురువును పోషించువారు మాత్రము కొఱవడిరి. పోషణ లేని విద్య పండుగనాటి వేడుకగా మాఱును. కొంతకాలమునకు వేడుకలోని మెలకువయు పోయి ఆవేశమొక్కటియే మిగులును.

పోయిన విద్యను తిరిగి తెచ్చుకొనుట సాధ్యమా యని మీకు సందేహము కలుగవచ్చును. ప్రపంచమును చూడుడు. నల్లసముద్రమునకు తూర్పున, కాకసస్ పర్వతములలో జార్జియా అను చిన్న దేశము కలదు. అచ్చట ఖెవ్సురేతి అను కొండసీమవారు కత్తియు చిన్నడాలును పట్టి ఆడు పోరును ఇరువదవ శతాబ్దివఱకును నిలుపుకొనిరి. ఇరువురు పోరుచుండగా ఒక స్త్రీ వచ్చి తన తలగుడ్డను తీసి వారి నడుమ వైచినచో ఎంతటి వీరుడైనను కత్తి దింపవలెనట! చూచితిరా, పోరును ప్రారంభించుటకే కాక ఆపుటకును వారికి నియమము కలదు. ఇటీవలి కాలమున ఆ దేశీయులు తమ పురాతన యుద్ధవిద్యలను ఖ్రిడోలి అను పేరుతో ఒక చోట చేర్చి యువకులకు నేర్పుచున్నారు. చిదావోబ యను వారి కుస్తీ, డోలు, ఊదువాద్యముల నడుమ జరుగును. దానిని 2018లో ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ, అనగా యునెస్కో, మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది.

జపానులో జిగోరో కానో అను ఉపాధ్యాయుడు 1882లో ఒక బడి తెఱచెను. పూర్వపు జుజుత్సు విద్యలో ప్రాణాపాయకరములైన పట్లను అభ్యాసమునుండి వేఱు చేసి, తక్కినవానికి క్రమము కల్పించి, జూడో యని పేరిడెను. అందు శిష్యునకు మొదట నేర్పునది పడద్రోయుట కాదు. దెబ్బ తగులకుండ పడుట. ఆ విద్య 1964లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో స్థానము సంపాదించినది.

మన పొరుగుననే కేరళము కలదు. ఆంగ్లేయుల కాలమున అణగిపోయిన కలరిపయట్టును ఇరువదవ శతాబ్ది తొలి భాగమున కొట్టక్కల్ కణారన్ గురుక్కళ్, ఆయన శిష్యుడు సి. వి. నారాయణన్ నాయరు పూనుకొని తలశ్శేరి ప్రాంతమున నిలబెట్టిరి. ఆ విద్యను చిన్ననాటనే నేర్చి, వృద్ధాప్యమునను వేలమందికి నేర్పిన మీనాక్షి అమ్మకు 2017లో పద్మశ్రీ బిరుదము లభించినది. 2022లో హర్యానాలో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడలలో కలరిపయట్టు, పంజాబువారి గత్కా, మణిపురమువారి థాంగ్-టా పోటీలుగా జరిగినవి. 2024లో తమిళనాట జరిగిన అవే క్రీడలలో తమిళుల కఱ్ఱసామైన సిలంబమును ప్రదర్శించిరి. పొరుగువారి కఱ్ఱకు మైదానము దొరికినది. మన కఱ్ఱకు ఏల దొరకరాదు?

బలవిద్యకు తెలుగునాట పేరు లేదనవలదు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గుండెలపై ఏనుగును ఎక్కించుకొని నిలిచిన జెట్టి. దేశవిదేశముల కీర్తి గడించినను ఆయన తొలుత విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా నుండెనని మఱువరాదు. బలము బడిలోనే కుదురుకొన్నది.

ఇందుకు పెద్దలు కొందఱు ఆక్షేపణలు చెప్పుదురు. వానిని త్రోసివేయక ఆలోచింపవలెను. మొదటిది: పిల్లల చేతికి కఱ్ఱ ఇచ్చినచో కక్షలు పెరుగవా? ముఠాకక్షలతో ఎన్నో కుటుంబములు చెడిన సీమలో ఈ భయము సహజము. కాని కక్షకు కావలసినది కోపము; కోపమునకు రాయి దొరకినను చాలును. కఱ్ఱసాము నేర్చువాడు దినదినమును ఎదుటివానికి మ్రొక్కి, దెబ్బను ఆపుటను అలవాటు చేసికొనును. అట్టి అభ్యాసము కోపమునకు కళ్లెము వేయును. అయితే గురువు మంచివాడు కానిచో ఈ మాట నిలువదు. కనుకనే గురువును ఏర్పఱచుటలో ఊరు జాగరూకత వహింపవలెను. శీలము చూడక ఒడుపు మాత్రమే చూచిన తాలింఖానా ఊరికి చేటు.

రెండవది: తుపాకుల కాలమున కఱ్ఱ దేనికి? ఈ విద్య శత్రువును చంపుటకు కాదు. చూపునకు చుఱుకు, కాలికి నిలుకడ, మనసునకు స్థిమితము కలుగుటకు. దినమంతయు కూర్చుండి చదువు పిల్లలకు ఇవి అవసరము కావా? పైగా ఇంత చవుకైన ఆట మఱియొకటి లేదు. ఒక వెదురుకఱ్ఱ, కొంత ఖాళీస్థలము ఉన్న చాలును.

మూడవది: ఆచారమును బడికి తెచ్చినచో దాని పవిత్రత పోవునని. విద్య వచ్చినందున ఏ పవిత్రతయు చెడదు. సంగీతము నేర్చినవాడు భజన చేసిన దేవుడు వలదనునా? నేర్చినవాని చేతిలోని కఱ్ఱ స్వామికి మఱింత శోభ.

మఱి ఈ పనిని ఎట్లు సాధింపవలెను? దారి చూపుటకు ఎమ్మిగనూరు దగ్గఱనే యున్నది. మిల్లుబట్టల ధాటికి చేనేత తల్లడిల్లుచున్న కాలమున, 1938లో, మాచాని సోమప్ప అచ్చటి నేతవారిని ఒక సహకార సంఘముగా కూర్చెను. మగ్గము గొప్పదని పొగడుచు కూర్చున్నచో మగ్గము నిలిచెడిది కాదు. నూలు అందించి, బట్టకు అమ్మకము చూపి, నేతగానికి కూలి ముట్టచెప్పినందున నిలిచినది. కఱ్ఱసామును అట్లే. పొగడ్తతో బ్రదుకదు, ఏర్పాటుతో బ్రదుకును.

ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు ప్రాంతములలో సాము తెలిసిన పెద్దలు ఎవరెవరున్నారో మొదట తెలిసికొని, వారి పాఠములను వ్రాసియు, చలనచిత్రములుగా తీసియు భద్రపఱుపవలెను. వారికి గౌరవవేతనమిచ్చి వారమునకు రెండు దినములు పాఠశాలలకు రప్పింపవలెను. పిల్లలకు తేలికైన పేముబెత్తములు, తలకు తొడుగులు, చేతులకు మెత్తని కవచములు ఇయ్యవలెను. పోటీలు పగటివేళ, గిఱి గీచిన బరిలో, తీర్పరి ఎదుట జరుగవలెను. తగిలించినవానికి కాక, తగులకుండ ఆపినవానికి ఎక్కువ మార్కులు వేయవలెను. బాలికలకును సమానమైన ప్రవేశముండవలెను. మీనాక్షి అమ్మను చూచిన పిమ్మట దీనికి వాదన అక్కఱలేదు.

దేవరగట్టు మాట ఆ గ్రామములవారే తేల్చుకొనవలెను. బయటివారు శాసించిన దానికంటె ఊరిపెద్దలు మెచ్చినది ఎక్కువ కాలము నిలుచును. ఇనుపకట్ల కఱ్ఱలను మానుట, మత్తులో నున్నవానిని బరిలోనికి రానీయకుండుట, విజయదశమి సాయంకాలమున వెలుగుండగానే ఊరికి కొందఱు చొప్పున సాము నేర్చిన యువకులు తమ ఊరి పేరున స్వామి ఎదుట ఆడుట, గెలిచిన ఊరికి మూర్తులను ముందుగా మోయు గౌరవమిచ్చుట వంటి మార్పులను వారు ఆలోచింపవచ్చును. పాలబాస చేయగల జనులు మఱియొక బాసను చేయలేరా? పగ పెట్టుకొనబోమను మాటకు, నేర్వనిదే కఱ్ఱ ఎత్తబోమను మాటను చేర్చిన చాలును.

విద్యార్థులారా! మీ ఊరిలో ఒక ముసలి ఉస్తాదు ఉండవచ్చును. పీర్ల పండుగనాడో, దసరానాడో ఆయన కఱ్ఱ త్రిప్పగా మీరు చూచి చప్పట్లు చఱచియుందురు. ఈసారి చప్పట్లతో ఆగవలదు. పండుగ ముగిసిన మఱునాడు ఆయన ఇంటికి పోయి, నేర్పుమని అడుగుడు. ఆయన మీ చేతికి వెంటనే కఱ్ఱ ఇయ్యకపోవచ్చును. కొన్నాళ్లు నిలుచుటయే నేర్పవచ్చును. విసుగుకొనక నిలువుడు. ఆయన తరువాత ఆ పాఠము చెప్పువారు మీ ఊరిలో ఉందురో లేదో మీ ఓర్పుమీదనే ఆధారపడియున్నది.